ఉప్పల్ రోడ్డు ల్యాబులు, పక్కన పారే మూసీ: తీసిన మురికి ఎటు పోయింది?

 

తార్నాక నుంచి ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా బస్సులో పోని వాళ్లు మనలో తక్కువ. ఓయూ హాస్టళ్లలో ఉన్నోళ్లకు, కోచింగ్ కోసం వచ్చి హబ్సిగూడలో రూము తీసుకున్నోళ్లకు, నాచారం, మల్లాపూర్ కంపెనీల్లో షిఫ్టు డ్యూటీ చేసే మన అన్నలకు, అక్కలకు అది రోజూ తిరిగే తొవ్వ. ఆ తొవ్వ పొంటి పొడుగాటి ప్రహరీ గోడలు ఉంటయి. బోర్డుల మీద ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ అని రాసి ఉంటది. ఐఐసీటీ ఆవరణలోనే నీరీ అనే సంస్థ హైదరాబాద్ కేంద్రం కూడా ఉంది. నీళ్ల కాలుష్యం మీద ఎంతో పరిశోధన ఈ నాలుగైదు కిలోమీటర్లలో జరిగింది. ఈ రోడ్డుకు ఉత్తరం దిక్కు నాచారం ఇండస్ట్రియల్ ఏరియా, దక్షిణం దిక్కు మూసీ. జబ్బు, డాక్టరు, మందుల షాపు అన్నీ ఒకే గల్లీలో ఉన్నట్టు. అయినా జబ్బు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో తెలియాలంటే చరిత్రలోకి పోవాలె.

ముందు ఒక చిన్న ప్రశ్న పెట్టుకుందాం. మురికి నీళ్లను శుద్ధి చేసినం అని ఎవరైనా చెప్తే, "తీసిన మురికి ఎటు పోయింది?" అని అడగాలె. చూడటానికి పిల్లల ప్రశ్న లాగ ఉంటది. కానీ హైదరాబాద్ మురికి నీళ్ల వందేళ్ల కథ మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టే తిరుగుతది.

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద గురించి అందరం వినే ఉంటం. వేల మంది కొట్టుకుపోయిండ్రు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీద నగరానికి పైన రెండు జలాశయాలు కట్టిండ్రు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వరద ఆగింది, తాగునీళ్లు వచ్చినయి. అది గొప్ప పనే, కాదనం. కానీ దానితో పాటు ఇంకొకటి జరిగింది, దాని గురించి తక్కువ మంది మాట్లాడుతరు. నది సొంత నీళ్లు నగరానికి పైనే ఆగిపోయినయి. వానాకాలంలో గేట్లు ఎత్తితే తప్ప నగరం లోపల మూసీకి తన నీళ్లంటూ లేకుండా పోయినయి. ఖాళీ అయిన ఆ దారిలోకి మోరీ నీళ్లు దిగినయి. 1931లో మొదలైన భూగర్భ డ్రైనేజీ 4.68 లక్షల జనాభా లెక్కతో వేసింది. ఇయ్యాల ఆ లెక్క ఒక అసెంబ్లీ నియోజకవర్గానికి కూడా చాలదు.

మూసీ పడమర నుంచి తూర్పుకు పారుతది. నేల వాలు కూడా అటే. పంపు పెట్టకుండా, కరెంటు ఖర్చు లేకుండా మురికి దానంతట అదే పోవాలంటే పైపులు తూర్పుకు వేయాలె. అట్లా నగరం మొత్తం మురికికి అంబర్‌పేట, నాగోల్, ఉప్పల్ వాకిలి అయినయి. ఎవరో కుట్ర చేసి చేసింది కాదు, ఇంజినీరింగ్ లెక్క. కానీ వాకిట్లో ఎవరుంటరో చూడండి. భూమి చవకగా దొరికే చోటికి కూలి కోసం వచ్చినోళ్లు, బస్తీలు, ఇండస్ట్రియల్ ఏరియాలు చేరుతయి. పల్లం ఉన్న చోటే చవక ఉంటది.

ఇప్పుడు ల్యాబుల సంగతి. 1944లో హైదరాబాద్ రాజ్యం తన సొంత పరిశోధనశాల పెట్టుకుంది. 1956లో అది కేంద్రం చేతికి, సీఎస్‌ఐఆర్‌కి పోయి రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది. మన పెద్దోళ్లు ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటరు. 1989లో దానికే ఐఐసీటీ అని పేరు మారింది. 1961లో భూభౌతిక పరిశోధన కోసం ఎన్‌జీఆర్‌ఐ వచ్చింది. 1977లో ఆర్‌ఆర్‌ఎల్ ఆవరణలోనే సీసీఎంబీ మొదలై, 1987లో సొంత భవనం తెరుచుకుంది. అదే 1960లలో బాలానగర్ దగ్గర ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ వచ్చింది. 1970లో చేసిన పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. దాంతో మందును వేరే పద్ధతిలో తయారు చేసుకుంటే చాలు, విదేశీ కంపెనీకి కట్టాల్సిన పని లేదు. ఆ వేరే పద్ధతులు కనిపెట్టడంలో ఆర్‌ఆర్‌ఎల్ రసాయన శాస్త్రవేత్తలది పెద్ద చెయ్యి. హైదరాబాద్ బల్క్ డ్రగ్ రాజధాని అయిందంటే అందులో ఈ రోడ్డు పాత్ర ఉంది.

ఇక్కడ కొంచెం ఆగాలె. కోట్లాది మంది పేదలకు మందు బిళ్ల చవకగా అందిందంటే ఆ పని వల్లే. మన తండాల్లో, గూడేల్లో జ్వరం గోలీ దొరుకుతుందంటే అందులో వాళ్ల చెమట ఉంది. కానీ ఒక కిలో మందు తయారు కావాలంటే దానికి ఎన్నో రెట్ల ద్రావకాలు, ఆమ్లాలు, ఉప్పులు వాడాలె. అవి మందులోకి పోవు, నీళ్లలోకి పోతయి. మందు తయారీ నేర్పిన రోజుల్లో ఆ నీళ్ల సంగతి ఎవరి సిలబస్‌లోనూ పెద్దగా లేదు. నీటి కాలుష్య చట్టం 1974లో వచ్చింది, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 1976లో. అప్పటికే పటాన్‌చెరు, జీడిమెట్ల, కాటేదాన్, నాచారం, ఉప్పల్, చర్లపల్లి పేర్ల ముందు ఐడీఏ అనే మూడక్షరాలు చేరుతూ ఉన్నయి. తర్వాత అదే ఐఐసీటీలో ఆ నీళ్లను శుద్ధి చేసే విభాగం కూడా పెరిగింది. తప్పేం లేదు. కాకపోతే ముందు ఏది వచ్చింది, తర్వాత ఏది వచ్చింది అనే వరుస గుర్తు పెట్టుకోవాలె.

శుద్ధి అంటే అసలు ఏం చేస్తరు? ఇంట్లో నుంచి పోయే మోరీ నీళ్లలో ఎక్కువ భాగం కుళ్లిపోయే పదార్థం. నీళ్లలో దాన్ని తినే సూక్ష్మజీవులు ఉంటయి, తినేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ను వాడుకుంటయి. అందుకే మురికి ఎక్కువైతే చేపలు ఊపిరాడక చస్తయి. ఎంత ఆక్సిజన్ కావాల్సి వస్తదో కొలిచే లెక్కనే బీఓడీ అంటరు. మురికి శుద్ధి కేంద్రం చేసేది ఏమంటే, ఆ తినే పనిని నదిలో కాకుండా ఒక ట్యాంకులో పెట్టడం. అంబర్‌పేటలో, నాగోల్‌లో, ఉప్పల్ నల్ల చెరువు దగ్గర జాతీయ నదుల సంరక్షణ పథకం కింద కట్టిన ప్లాంట్లలో మురికి నీళ్లు కింది నుంచి పైకి ఎక్కుతయి. మధ్యలో దుప్పటి లాగ పరుచుకున్న సూక్ష్మజీవులు గాలి లేకుండానే మురికిని తిని మీథేన్ గ్యాస్ వదులుతయి. కరెంటు తక్కువ పడుతది కాబట్టి అప్పట్లో మన దేశంలో ఈ పద్ధతి మీద మోజు ఎక్కువ. అంబర్‌పేట రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోల్ 17.2 కోట్లు, నల్ల చెరువు 3 కోట్లు, పైన అత్తాపూర్ 5.1 కోట్లు. అన్నీ కలిపితే 59.2 కోట్ల లీటర్లు.

ఇంతవరకు బాగుంది. కుళ్లే మురికి నిజంగానే మాయమైతది, కొంత గ్యాస్ అవుతది, కొంత మడ్డి అవుతది. కానీ సీసాన్ని ఏ సూక్ష్మజీవీ తినదు. క్రోమియాన్ని తినదు. అవి మడ్డిలో చేరుతయి, లేకుంటే నీళ్లతో ముందుకు పోతయి. ఉప్పు అసలే ఆగదు, వచ్చినంత వచ్చినట్టే బయటికి పోతది. మందుల అవశేషాలైతే ఇంకా తిప్పలు, కొన్ని ఆ తినే సూక్ష్మజీవులనే చంపుతయి. కాబట్టి ఇంటి మోరీ కోసం కట్టిన ప్లాంటులోకి ఫ్యాక్టరీ నీళ్లు వదిలితే అక్కడ శుద్ధి కన్నా ఎక్కువగా పలచబడటం జరుగుతది. పది బకెట్ల నీళ్లలో ఒక గ్లాసు విషం కలిపితే పరీక్షలో అంకె తగ్గుతది, విషం తగ్గదు.

ఈ మాట ఉట్టిగనే అంటలేం. పటాన్‌చెరు కథ తీసుకోండి. అక్కడి ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగులో కలిసి చుట్టుపక్కల ఊళ్ల పొలాలు, బావులు పాడైతే కేసు 1990లో సుప్రీంకోర్టుకు పోయింది, 2001లో హైకోర్టుకు వచ్చింది. ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టిండ్రు. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించి ఫలితాలు అచ్చు వేసింది. సుమారు 90 మందుల కంపెనీల నీళ్లు వచ్చే చోటు అది. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. రోజుకు పోయేది లెక్క కడితే దాదాపు 45 కిలోలు, స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడేంత. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. యాంటీబయాటిక్‌కు లొంగని సూక్ష్మజీవులు ఎక్కడ పుడతయి అనే చర్చలో అప్పటి నుంచి హైదరాబాద్ పేరు తరచుగా వస్తది.

మరి ఆ నీళ్లకు పరిష్కారం ఏం చేసిండ్రు? 18 కిలోమీటర్ల పైపు వేసిండ్రు. 2009 నాటికి పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నీళ్లు నగరం మురికి లైనులో కలిసి అంబర్‌పేట ప్లాంటుకు చేరే ఏర్పాటు అయింది. పడమర ఊళ్లకు కొంత ఊరట దొరికింది. ఇరవై ఏళ్లు కొట్లాడిన రైతులకు అది దక్కాల్సిందే. కానీ మన ప్రశ్న మళ్లీ వేయండి. నగరానికి పడమర ఉన్న విషం పైపు ఎక్కి తూర్పుకు వచ్చింది. అంబర్‌పేట దాటినంక మూసీ ఒడ్డున వచ్చేది ఉప్పల్, నాగోల్, పీర్జాదిగూడ. ఆ తర్వాత వరి పొలాలు.

ఇదే సమయంలో ఉప్పల్ రోడ్డు మీది ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు నేల కింద చూస్తున్నరు. పటాన్‌చెరు, కాటేదాన్ ఇండస్ట్రియల్ ఏరియాల మట్టి తీసి సీసం, క్రోమియం, రాగి, జింక్ వంటి లోహాలు ఎంత పేరుకున్నయో లెక్కలు కట్టిండ్రు. కాటేదాన్ పనిలో నార్వే శాస్త్రవేత్తలు కూడా కలిసిండ్రు, ఆ ఫలితాలు 2008లో వచ్చినయి. వాళ్లు చెప్పే ఒక సంగతి మనకు బాగా పనికొస్తది. మన దక్కన్ నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. పైన కొంత మెత్తబడ్డ పొర, దాని కింద పగుళ్లు. ఇసుక నేల లాగ నీళ్లు అంతటా సమానంగా పారవు, పగులు ఎటు ఉంటే అటు పోతయి. అందుకే ఒక గల్లీలో ఒకరి బోరు మంచిగ ఉంటది, నాలుగిళ్ల అవతల బోరు రంగు మారుతది. నాచారం పెద్ద చెరువు, రామంతాపూర్ చెరువు, ఉప్పల్ నల్ల చెరువు పక్కన బస్తీల్లో ఉండే మనోళ్లు "మా బోరు మంచిగనే ఉంది" అని ధీమాగ ఉండటానికి లేదు. చూస్తే తెలిసేది కాదు అది. లోహానికి రంగు ఉండదు, వాసన ఉండదు.

నల్ల చెరువుకు పేరు ముందు వచ్చిందో, రంగు తర్వాత వచ్చిందో గానీ చాలా ఏళ్లు రెండూ బాగా కుదిరినయి.

ఉప్పల్ దాటి కింద ఏమైంది అనేది ఈ చరిత్రలో మాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన భాగం. మూసీ మీద పాత రోజుల నుంచి కత్వలు ఉన్నయి, నదికి అడ్డంగా కట్టిన రాతి కట్టలు. అక్కడి నుంచి కాల్వల్లో నీళ్లు పొలాలకు పోతయి. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ వాళ్లు, లండన్ పరిశోధకులు కలిసి హైదరాబాద్ నుంచి కిందికి 40 కిలోమీటర్ల దాకా మూసీ నీళ్లను పరీక్షిస్తే, ఒక్కొక్క కత్వ దాటుతుంటే కుళ్లు తగ్గుతూ, నులిపురుగుల గుడ్లు తగ్గుతూ పోయినయి. కత్వ వెనుక నీళ్లు నిలబడితే బరువైనవి అడుగుకు దిగుతయి, కత్వ మీద నుంచి దూకినప్పుడు గాలి కలుస్తది. అంటే కోట్ల రూపాయల ప్లాంటు చేసే పనిలో కొంత, వడ్డెరోళ్లు, కూలోళ్లు రాళ్లు మోసి కట్టిన పాత కట్టలు ఏ కరెంటూ లేకుండా చేస్తున్నయి. కాని అడుగుకు దిగింది అక్కడే ఉంటది కదా.

ఆ ఒడ్డు రైతుల కథ కూడా వాళ్లు రాసిండ్రు. మురికి నీళ్లకు వరి దిగుబడి పడిపోయిందని, వరి వదిలి పశువుల గడ్డి వేసుకున్నమని రైతులు చెప్పిండ్రు. మురికి ఎంత ఉంటే అంత ఏపుగా పెరిగే గడ్డి అది. దాన్ని కోసి నగరం బర్ల షెడ్లకు అమ్ముతరు, కోత కూలికి దూరం నుంచి వచ్చినోళ్లు ఉంటరు. ఆ పాలు మళ్లీ నగరానికే. ఎండాకాలంలో కూడా ఎండని నీళ్లు కాబట్టి ఎంతో మందికి అదే బతుకు. అందుకే "మురికి నీళ్లు ఆపేయండి" అని రైతు అనడు, "నీళ్లు ఉండాలె, విషం ఉండొద్దు" అంటడు. రెండూ వేరు వేరు డిమాండ్లు. ఉప్పల్‌కు తూర్పున కాచివానిసింగారం దగ్గర 2011 నుంచి 2014 దాకా యూరోపియన్ యూనియన్ డబ్బుతో "సాఫ్ పానీ" అనే ప్రాజెక్టు నడిచింది. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు అందులో ఉన్నరు. తుంగ, జమ్ము పెరిగే తడి నేలలు, పొలాలు ఈ నీళ్లను ఎంతవరకు వడకడతయో చూసిండ్రు. నేల క్రిములను, కుళ్లును పట్టుకోగలదు. ఉప్పు దగ్గర నేల కూడా ఓడిపోతది. నీళ్లు ఆవిరైతయి, ఉప్పు మిగులుతది, మళ్లీ అదే బోరు నీళ్లు పారిస్తే ఉప్పు మళ్లీ పెరుగుతది.

మనలో నల్లగొండ తండాల నుంచి వచ్చినోళ్లకు ఈ కథ ఇంకో రూపంలో బాగా తెలుసు. ఫ్లోరైడ్ గురించి నల్లగొండ మీద 1955లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. 1970లలో నీరీ శాస్త్రవేత్తలు ఒక పద్ధతి తయారు చేసి దానికి మన జిల్లా పేరే పెట్టిండ్రు, నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపితే ఫ్లోరైడ్ ఆ తెట్టుకు అంటుకుని అడుగుకు దిగుతది, పై నీళ్లు వంపుకోవాలె. ప్రపంచంలో ఎన్నో దేశాల పుస్తకాల్లో నల్లగొండ పేరు ఈ రకంగా ఎక్కింది. కానీ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో తెలియకుండా పటిక ఎంత వేయాలో తెలియదు, ఎక్కువ వేస్తే అల్యూమినియం మిగులుతది. రోజూ కొలిచేదెవరు? అడుగున మిగిలిన మడ్డిని పెరట్లో పారబోస్తే వానకు మళ్లీ నేలలోకే. పద్ధతి తప్పు కాదు. కొలిచే మనిషిని, మడ్డి తీసుకుపోయే బండిని తండాకు ఎవరూ ఇవ్వలేదు. చివరికి చాలా ఊళ్లకు ఉపశమనం వచ్చింది దూరం నుంచి కృష్ణా నీళ్లు పైపుల్లో తెచ్చినంకనే.

ల్యాబుల్లో పని ఆగిపోయిందని అనుకోవద్దు. ఐఐసీటీలో ఎస్. వెంకటమోహన్ బృందం మురికి నీళ్ల నుంచి హైడ్రోజన్, కరెంటు తీయడం మీద చేసిన పనికి 2014లో ఆయనకు భట్నాగర్ అవార్డు వచ్చింది. 2020లో కరోనా టైంలో సీసీఎంబీ, ఐఐసీటీ కలిసి హైదరాబాద్ శుద్ధి కేంద్రాలకు వచ్చే మురికి నీళ్లలో వైరస్ ఆనవాళ్లు వెతికినయి. నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టిండ్రు. అప్పటికి ఆసుపత్రుల లెక్కల్లో కనబడింది అందులో చిన్న ముక్క. టెస్టు చేయించుకోలేని బస్తీ కూడా ఆ నీళ్లలో లెక్కకు వచ్చింది, కాని ఒక షరతు మీద: ఆ బస్తీ మోరీ ప్లాంటు దాకా పోవాలె. నగరం వాడే నీళ్లలో ఆ రోజు ప్లాంట్లకు చేరేది 40 శాతమే. మిగతాది నాలాల్లో, చెరువుల్లో.

2021లో రాష్ట్ర ప్రభుత్వం లెక్క ప్రకారం నగరంలో రోజుకు 195 కోట్ల లీటర్ల మురికి పుడుతుంటే, ఉన్న 25 ప్లాంట్లు శుద్ధి చేయగలిగేది 77.2 కోట్ల లీటర్లు. సగం కూడా కాదు. అందుకే 3,866 కోట్లతో ఇంకో 31 ప్లాంట్లు మంజూరు చేసిండ్రు. ఉప్పల్ నల్ల చెరువుకు వచ్చింది 8.65 కోట్ల లీటర్లది, పాత 3 కోట్ల దానికి దాదాపు మూడింతలు. కొత్త వాటిలో ఒకే ట్యాంకులో నీళ్లు నింపి, గాలి కొట్టి, తేరనిచ్చి, పై నీళ్లు వదిలే పద్ధతి. కుళ్లును పాతదానికన్నా బాగా తీస్తది. ఇది నిజంగా మంచి మార్పు, చులకన చేయొద్దు. 2024లో వచ్చిన హైడ్రా మొదట ఎంచుకున్న ఆరు చెరువుల్లో ఉప్పల్ నల్ల చెరువు కూడా ఉంది.

అయితే ఇక్కడ కూడా ఆ ప్రశ్న వదిలిపెట్టొద్దు. దశాబ్దాలుగా ఇండస్ట్రియల్ ఏరియా నీళ్లు చేరిన చెరువుల్లో పూడిక తీస్తే, ఆ పూడికలో లోహాలు ఎంత ఉన్నయో పరీక్ష చేసిండ్రా? అది మామూలు మట్టి లెక్క పొలాలకు, వెంచర్లకు పోతుందా, లేక దుండిగల్ దగ్గర ప్రమాదకర వ్యర్థాల కోసం పెట్టిన కేంద్రానికి పోతుందా? కొత్త ప్లాంటు మడ్డి ఎక్కడ దింపుతున్నరు? సమాచార హక్కు కింద పది రూపాయల స్టాంపుతో అడగదగ్గ ప్రశ్నలు ఇవి. కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి, జలమండలికి ఒకటి. జవాబు తెలుగులో కావాలని రాయండి.

మూసీ ఉప్పల్ దగ్గర ఆగదు. పిలాయిపల్లి కాల్వ, బునాదిగాని కాల్వ మీదుగా భువనగిరి పొలాలకు పోతది. సూర్యాపేట దగ్గర 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టులో నిలబడి, దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తది. దామరచర్ల చుట్టూ ఎన్ని తండాలు ఉన్నయో మన గ్రూపులో వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, జియాలజీ, మైక్రోబయాలజీ, సివిల్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ప్రాజెక్టు టాపిక్ ఏం తీసుకోవాలని తరచుగా అడుగుతరు. ఆ గోడల లోపల డిసర్టేషన్ విద్యార్థులను తీసుకుంటరు, హెచ్‌ఓడీ లెటరు, మార్కుల మెమోలు పట్టుకుని ఆరు నెలల ముందే మెయిల్ పెట్టాలె. టాపిక్ కోసం దూరం పోవద్దు. ఈసారి పండుగకు ఇంటికి పోయినప్పుడు మీ తండా బోరు నీళ్లు ఒకటి, కాల్వ నీళ్లు ఒకటి, శుభ్రమైన లీటరు సీసాల్లో పట్టండి. పట్టే ముందు అవే నీళ్లతో సీసాను మూడు సార్లు కడగండి, బోరును ఐదు నిమిషాలు వదిలినంక పట్టండి. సీసా మీద తేదీ, చోటు, బోరు లోతు రాయండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ జిల్లా ల్యాబులో ఫ్లోరైడ్, నైట్రేట్, మొత్తం ఉప్పులు చూస్తరు. లోహాలు చూడాలంటే మాత్రం పరికరం ఉప్పల్ రోడ్డు మీదే ఉంది.